వెయ్యి గజాల గురి

పెద్ద క్యాలిబర్ టార్గెట్ రైఫిల్ క్రీడలో దూరమే అసలు పరీక్ష. పోటీ 300 గజాల దగ్గర మొదలై 500, 600, 900, 1000 గజాలకు, కొన్ని మైదానాల్లో 1200 గజాలకు కూడా వెళుతుంది. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరాన నిలబెట్టే లక్ష్యంలో, అమెరికా పద్ధతి ప్రకారం, పది మార్కుల వలయం అడ్డుకొలత 20 అంగుళాలు. టీవీలో కనిపించే ఒలింపిక్ ఎయిర్ రైఫిల్ పోటీ 10 మీటర్లది, .22 రైఫిల్ పోటీ 50 మీటర్లది. పెద్ద క్యాలిబర్ పోటీ ఆరుబయలులో, గాలికి, ఎండకు, ఒక్కోసారి వానకు కూడా ఓర్చుకుంటూ సాగుతుంది. ఒలింపిక్స్‌లో 300 మీటర్ల రైఫిల్ పోటీ 1972 మ్యూనిక్ క్రీడలతో ఆగిపోయింది. వెయ్యి గజాల పోటీ 1908 లండన్ ఒలింపిక్స్‌లో జరిగింది. అందులో స్వర్ణం గెలిచిన జాషువా మిల్నర్ అప్పటికే అరవై దాటిన మనిషి. ఈ క్రీడకు కావలసింది కండబలం కాదనడానికి ఆ ఒక్క సంగతి చాలు.

దీని పుట్టిల్లు ఇంగ్లండ్. ఫ్రాన్సు దండెత్తి వస్తుందన్న భయంతో అక్కడ ఊరూరా స్వచ్ఛంద దళాలు లేచిన కాలంలో, 1859లో, నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. 1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. ఇనుప చట్రంలో బిగించిన విట్‌వర్త్ రైఫిల్ ట్రిగ్గర్‌కు కట్టిన పట్టుతాడును ఆమె లాగితే, 400 గజాల దూరాన తూటా నడిబిందువుకు ఒకటిన్నర అంగుళం లోపే తగిలింది. చుట్టూ ఇళ్ళు పెరగడంతో 1890లో పోటీలు సర్రే జిల్లాలోని బిస్లీకి మారాయి. నేటికీ ఈ క్రీడకు బిస్లీయే పెద్దదిక్కు. రాణి పేరిట, ఇప్పుడు రాజు పేరిట, జరిగే అక్కడి పెద్ద బహుమతి పోటీలో మొదటి రెండు దశలు 300, 500, 600 గజాలకు, తుది దశ 900, 1000 గజాలకు సాగుతాయి. 1930లో ఆ బహుమతిని తొలిసారి ఒక మహిళ గెలుచుకుంది. ఆమె పేరు మార్జరీ ఫోస్టర్. వెయ్యి గజాల దగ్గర చివరి తూటా దాకా వచ్చిన ఆ పోటీలో తేడా ఒక్క పాయింటే.

అట్లాంటిక్ అవతల న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో క్రీడ్‌మూర్ మైదానం 1873లో తెరుచుకుంది. మరుసటి ఏడు సెప్టెంబరులో ఐర్లండ్ జట్టు అక్కడికి వచ్చి అమెరికా జట్టుతో తలపడింది. జట్టుకు ఆరుగురు, దూరాలు 800, 900, 1000 గజాలు. ఐరిష్ వాళ్ళవి మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్ళు, అమెరికన్లవి వెనుక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్ళు. అమెరికా 934, ఐర్లండ్ 931. మూడే మూడు మార్కులు. ఆ రోజు ఐరిష్ షూటర్ ఒకడు చక్కగా గురిచూసి, నడిమధ్యలోనే కొట్టాడు. కాని అది తనది కాని లక్ష్యం. నడిబిందువుకు నాలుగు మార్కులున్న రోజులవి. ఆ తూటా తన బల్లకే తగిలి ఉంటే ఐర్లండ్ ఒక్క మార్కుతో గెలిచేది. పక్కవాడి లక్ష్యాన్ని కొట్టడం ఈనాటికీ కొత్తవాళ్ళకే కాదు, ఆరితేరినవాళ్ళకూ జరిగే పొరపాటు. అందుకే రైఫిల్ భుజానికి ఆనించిన ప్రతిసారీ లక్ష్యం కింద రాసిన అంకె చదివిన తరువాతే గురి పట్టాలన్నది మొదటి రోజే నేర్పే అలవాటు.

క్యాలిబర్ అంటే గొట్టం లోపలి కొలత. ఈ క్రీడలో అందరికీ తెలిసిన క్యాలిబర్ .308 వించెస్టర్. 1952లో బజారుకు వచ్చింది; దాని జంటే సైన్యాలు వాడే 7.62 మిల్లీమీటర్ల నాటో తూటా. టార్గెట్ రైఫిల్ పోటీల్లో ఎక్కువగా వాడే తూటా బరువు 155 గ్రెయిన్లు, అంటే సుమారు 10 గ్రాములు. పొడవైన గొట్టం నుంచి అది సెకనుకు 900 మీటర్ల వేగంతో బయటపడుతుంది. వెయ్యి గజాలు చేరడానికి దాదాపు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. చేరేసరికి వేగం సగానికన్నా తగ్గి, ధ్వని వేగానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. ఈ 'కాస్త పైన' అన్నది చాలా ముఖ్యం. ధ్వని వేగం దాటి కిందికి జారే సమయంలో తూటా నిలకడ తప్పవచ్చు. ఒక్కోసారి లక్ష్యాన్ని అడ్డంగా తాకి తాళంచెవి రంధ్రం లాంటి చీలిక చేస్తుంది. వెయ్యి గజాలకు వాడే .308 రైఫిల్ గొట్టాలు 30 అంగుళాల పొడవు ఉండడానికి కారణం ఇదే. తుపాకీ మందు పూర్తిగా కాలి, తూటాకు మరికొంత వేగం చేరాలి.

ఇంతకన్నా శక్తిమంతమైన తూటాలు ఉన్నాయి. .300 వించెస్టర్ మాగ్నమ్, .338 లాపువా మాగ్నమ్, అన్నిటికీ పైన .50 బ్రౌనింగ్. ఈ చివరిదాన్ని జాన్ బ్రౌనింగ్ మొదటి ప్రపంచయుద్ధం చివర్లో యంత్ర తుపాకీ కోసం రూపొందించాడు. దాని తూటా 40 గ్రాములకు పైబడి ఉంటుంది. బయలుదేరేటప్పుడు దానిలోని శక్తి .308 తూటా శక్తికి నాలుగింతలు పైమాటే. దీనితో వెయ్యి గజాల కాగితాన్ని కొట్టే పోటీల కోసమే అమెరికాలో 1985లో ఫిఫ్టీ క్యాలిబర్ షూటర్స్ అసోసియేషన్ ఏర్పడింది. కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం ఈ క్యాలిబర్ రైఫిళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. పెద్దదానితోనే మొదలుపెడితే దూరం సులువవుతుందన్న ఊహ చాలామందికి ఉంటుంది. అది నిజం కాదు. పెద్ద తూటాకు గాలి పోటు కొంత తక్కువే. కాని రైఫిల్ వెనక్కి తన్నే తన్ను, చెవులు పగిలే మోత, తూటా ఒక్కింటికి అయ్యే ఖర్చు, ఇవన్నీ కలిసి కొత్త షూటర్‌కు సాధన చేసే అవకాశాన్నే తగ్గిస్తాయి. పైగా తన్నుకు భయపడ్డ ఒళ్ళు ట్రిగ్గర్ నొక్కే ముందే బిగుసుకుంటుంది, కళ్ళు మూసుకుపోతాయి. ఒకసారి పట్టుకున్న ఆ అలవాటును వదిలించడానికి నెలలు పడుతుంది. .308తో మొదలుపెట్టడమే సరైన దారి. అంతకుముందు ఎయిర్ రైఫిల్, .22 రైఫిల్‌లతో కొంతకాలం గడిపితే మరీ మంచిది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్‌ది ఎయిర్ రైఫిల్ పతకమే అయినా, ఆయన 50 మీటర్ల .22 పోటీల్లోనూ దేశం తరఫున దిగాడు. తక్కువ ఖర్చుతో, తక్కువ మోతతో ఒళ్ళు నేర్చుకోవలసినవన్నీ ఆ చిన్న రైఫిళ్ళే నేర్పుతాయి.

టార్గెట్ రైఫిల్ చూడడానికి సాదాసీదాగా ఉంటుంది. తూటాల పెట్టె ఉండదు. ఒక్కో తూటా చేత్తో పెట్టి, బోల్ట్ మూసి, పేల్చి, మళ్ళీ తెరవాలి. గొట్టం మందంగా, బరువుగా ఉంటుంది. లోపల మెలి తిరిగిన గాళ్ళు తూటాను బొంగరంలా తిప్పుతాయి. ఆ తిరుగుడు వల్లనే అది ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. 155 గ్రెయిన్ల తూటాకు 12 లేక 13 అంగుళాలకు ఒక చుట్టు సరిపోతుంది. తూటా పొడవు, బరువు పెరిగేకొద్దీ మెలిక బిగువు కావాలి. ఏ తూటా వాడతారో తేల్చుకోకుండా గొట్టం కొనడం డబ్బు దండగ.

గురి పట్టే సాధనాన్ని బట్టి క్రీడ రెండు దారులుగా చీలింది. పాత దారిలో దుర్భిణి లేదు. కంటి దగ్గర చిన్న రంధ్రమున్న బిళ్ళ, గొట్టం చివర ఒక వలయం. ఆ వలయం మధ్యలో లక్ష్యపు నల్లని చుక్క నిలవాలి. రైఫిల్‌ను చేతులతోనూ, మోచేతికి పైన బిగించిన తోలుపట్టీతోనూ మోయాలి. రెండో దారి పేరు ఎఫ్-క్లాస్. కెనడా షూటర్ జార్జ్ ఫార్క్‌హార్సన్ వయసు మీదపడి పట్టీ, రంధ్రపు గురి కష్టమైనప్పుడు దుర్భిణితో, ముందు ఆనుడుతో ఆడే పద్ధతిని ముందుకు తెచ్చాడు. ఇప్పుడది ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరిగే స్థాయికి ఎదిగింది. అందులో ఎఫ్-టీఆర్ విభాగానికి .308 లేదా .223 క్యాలిబరే ఉండాలి, అన్నీ కలిపి బరువు 8.25 కిలోలు మించరాదు. ఎఫ్-ఓపెన్‌లో క్యాలిబర్‌కు స్వేచ్ఛ ఎక్కువ, బరువు 10 కిలోల దాకా. దుర్భిణి ఉంది కనుక ఎఫ్-క్లాస్ తేలికనుకోవడం తొందరపాటు. దానికి వాడే లక్ష్యంలో పది మార్కుల వలయం సగానికి సగం చిన్నది.

రైఫిల్ కొనడం ఈ క్రీడలో మొదటి మెట్టు కాదు. క్లబ్బులో చేరడం మొదటి మెట్టు. బ్రిటన్‌లో ప్రభుత్వం గుర్తించిన క్లబ్బులో కనీసం మూడు నెలలు శిక్షణ సభ్యుడిగా, పర్యవేక్షణలో క్లబ్బు రైఫిళ్ళతో ఆడాలి. తరువాతే పోలీసుల నుంచి ఫైర్ ఆర్మ్ సర్టిఫికెట్ అడగవచ్చు. ఇంట్లో గోడకు బిగించిన ఉక్కు బీరువా ఉందో లేదో పోలీసులే వచ్చి చూస్తారు. అమెరికాలో తుపాకీ సులువుగా దొరుకుతుందన్న మాట తెలుగు కుటుంబాల్లో బాగా వినపడుతుంది గాని, అక్కడ చదువుకునే విద్యార్థులు, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద పనిచేసేవారు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం అలాంటి వీసాదారులు తుపాకీని గాని, తూటాలను గాని కలిగి ఉండడం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితులతో సరదాగా రేంజికి వెళ్ళి అద్దె రైఫిల్ చేతపట్టడం కూడా ఈ నిషేధంలోకి రావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు.

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నిబంధనలు వర్తిస్తాయి. సైన్యం వాడే క్యాలిబర్లు నిషిద్ధ జాబితాలో ఉన్నాయి కనుక మామూలు లైసెన్సుకు అవి దొరకవు. పోటీల్లో పేరు తెచ్చుకున్న షూటర్లకు చట్టంలో ప్రత్యేక వెసులుబాట్లు ఉన్నాయి. 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘం పోటీల్లో పెద్ద క్యాలిబర్ విభాగం 300 మీటర్లది. మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉన్న సైన్యపు షూటింగ్ యూనిట్ ఈ రకం సాధనకు పెట్టింది పేరు. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఆసక్తి పుట్టిన యువతకు ఆచరణలో తెరిచి ఉన్న తలుపు ఎయిర్ రైఫిల్, .22 రైఫిల్‌లే. పైన చెప్పినట్టు, సరైన తలుపు కూడా అదే.

రేంజిలో అడుగుపెట్టిన క్షణం నుంచి కొన్ని నియమాలకు మినహాయింపు లేదు. రైఫిల్ ఎప్పుడూ నిండి ఉన్నట్టే భావించాలి. మూతి ఎప్పుడూ లక్ష్యాల వైపే ఉండాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోరాదు. లక్ష్యం వెనుక ఏముందో తెలియాలి; .308 తూటా నాలుగు కిలోమీటర్లకు మించి పోగలదు. ఆడనప్పుడు బోల్ట్ తెరిచి, తూటా గదిలో రంగు జెండా ముక్క పెట్టి ఉంచాలి. ఈ రైఫిల్ మోత 160 డెసిబెల్స్‌కు చేరుతుంది. 140 దాటితే ఒక్క దెబ్బకే వినికిడి దెబ్బతినవచ్చు. అందుకే చెవి లోపల ప్లగ్గులు, పైన మఫ్లు, రెండూ పెట్టుకోవడం మంచిది. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక ఒంటి భంగిమ. బోర్లా పడుకుని, ఎడమ మోచెయ్యి రైఫిల్ కిందికి తెచ్చి, పట్టీ బిగించి, బట్‌ను కుడి భుజపు గుంటలో ఆనించాలి. మందపాటి కోటు, చేతిగ్లవ్ నాడి కొట్టుకోవడం రైఫిల్‌కు పాకకుండా ఆపుతాయి. రైఫిల్‌ను మోయవలసింది ఎముకలు, కండలు కాదు. కండ అలసిపోతుంది, వణుకుతుంది, ఎముక అలసిపోదు. భంగిమ కుదిరిందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటుంది. గురి పట్టి, కళ్ళు మూసుకుని, ఒకటి రెండు ఊపిర్లు తీసి, మళ్ళీ కళ్ళు తెరవాలి. గురి పక్కకు జరిగి ఉంటే చేతులతో నెట్టి సరిచేయకూడదు. ఎడమ మోచేతిని ఇరుసుగా చేసుకుని మొత్తం శరీరాన్నే జరపాలి. ఊపిరి వదిలాక మళ్ళీ పీల్చేలోపు సహజంగా వచ్చే చిన్న విరామంలో, వేలు తప్ప ఇంకేదీ కదలకుండా, ట్రిగ్గర్ మీద ఒత్తిడి పెంచుతూ పోవాలి. పేలిన తరువాత కూడా ఒక్క క్షణం అలాగే ఉండి, పేలిన ఘడియలో గురి ఎక్కడ ఉందో మనసులో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు లేకపోతే తప్పు గాలిదో, చేతిదో తేలదు. తూటా లేకుండా చేసే సాధన, దాన్నే డ్రై ఫైర్ అంటారు, ఇంట్లో రోజూ చేసుకోవచ్చు. తూటాలు మరో గదిలో ఉండాలి, తూటా గది ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోవాలి.

తరువాతిది ఎత్తు లెక్క. గొట్టం చూపిన గీత నుంచి వెయ్యి గజాల దగ్గర .308 తూటా సుమారు 30 అడుగులు కిందికి పడుతుంది. అందుకే దూరాన్ని బట్టి గురి సాధనంలో ఎత్తు పెంచాలి. దీనికి కొలమానం మినిట్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 గజాల దగ్గర ఒక మినిట్ ఒక అంగుళానికి రవ్వంత ఎక్కువ, 1000 గజాల దగ్గర పదిన్నర అంగుళాలు. 100 గజాలకు సరిచూసుకున్న రైఫిల్‌కు 1000 గజాలకు 30 మినిట్లకు పైగా ఎత్తు కావాలి. కచ్చితమైన అంకె రైఫిల్‌కో తీరుగా ఉంటుంది. మొదటిసారి నేరుగా వెయ్యి గజాలకు పోకుండా 300, 500, 600 అంటూ మెట్టు మెట్టుగా అంకెలు రాసుకుంటూ వెళ్ళాలి. ఈ అంకెలు రాసే పుస్తకానికి ఎంత విలువ ఉందో పాత షూటర్ ఎవరైనా చెబుతారు. తేదీ, దూరం, వేడి, వెలుతురు, గాలి, పెట్టిన ఎత్తు, తగిలిన చోటు, ప్రతి తూటాకూ ఒక చుక్క. తూటా వేగంలో సెకనుకు 30 అడుగుల తేడా వచ్చినా వెయ్యి గజాల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎత్తు తేడా వస్తుంది. అందుకే ఒకే రకం, ఒకే లాట్ తూటాలు వాడాలి. తూటాలను ఇంట్లో స్వయంగా కూర్చుకోవడం క్రీడలో మరో పెద్ద శాఖ. మొదటి ఏడాది దాని జోలికి పోకుండా క్లబ్బు ఇచ్చే తూటాలతో ఆడడం క్షేమం.

ఎత్తు ఒకసారి దొరికితే చాలావరకు నిలుస్తుంది. గాలి అలా కాదు. ఈ క్రీడ అంతా చివరికి గాలి చదవడమే. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి .308 తూటాను వెయ్యి గజాల దగ్గర దాదాపు ఎనిమిది అడుగులు పక్కకు నెడుతుంది. అంటే గాలి అంచనాలో గంటకు ఒకటిన్నర కిలోమీటరు తప్పినా తూటా నడిమధ్య నుంచి పది మార్కుల వలయం అంచుకు చేరుతుంది. గంటకు ఒకటిన్నర కిలోమీటరు గాలి ముఖానికి తగిలినా తెలియదు. కనుక ఒంటిని నమ్మి లాభం లేదు, కంటిని నమ్మాలి. గాలి దిక్కును గడియారపు అంకెలతో చెబుతారు: లక్ష్యం 12 వైపు ఉందనుకుంటే 3, 9 వైపుల నుంచి వచ్చేది పూర్తి గాలి, 1, 5, 7, 11 వైపుల నుంచి వచ్చేది సగం గాలి, 12, 6 వైపులది పక్కకు నెట్టదు. కాని 12 వైపు గాలే ఎక్కువ ప్రమాదం. కొంచెం అటు ఊగితే ఎడమ నుంచి, ఇటు ఊగితే కుడి నుంచి నెడుతుంది.

మైదానం పొడవునా జెండాలు ఉంటాయి. వాటికి తోడు ఎండమావి. విడిగా పక్కన పెట్టుకున్న దుర్భిణిని లక్ష్యానికి కాస్త ఇవతల చోటుకు సరిచేస్తే వేడిగాలి అలలుగా కదులుతూ కనిపిస్తుంది. అలలు నిటారుగా పైకి లేస్తుంటే గాలి లేదని, లేదా సూటిగా ఎదురొస్తోందని. ఏటవాలుగా పోతుంటే మెల్లని గాలి. నేలబారుగా పరుగెత్తుతుంటే గాలి ముదిరింది. అంతకు మించి గాలి పెరిగితే ఎండమావి ఇక తేడా చూపదు, అప్పుడు జెండాలే ఆధారం. గాలి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కనుక ఎక్కువసేపు ఉండే తీరును ఒకదాన్ని ఎంచుకుని, అది తిరిగి వచ్చినప్పుడే పేల్చడం కొత్తవాళ్ళకు మంచి పద్ధతి. అయితే వేచి ఉండడానికీ హద్దుంది: బిస్లీలో లక్ష్యం పైకి లేచాక ఒక తూటాకు 45 సెకన్లే.

లక్ష్యాల కింద గట్టు చాటున గుంటలో మనుషులు ఉంటారు. తూటా తగలగానే లక్ష్యాన్ని కిందికి దించి, రంధ్రంలో గుర్తు బిళ్ళ పెట్టి, మార్కు చూపే పలకతో మళ్ళీ పైకి ఎత్తుతారు. ఇప్పుడు చాలా మైదానాల్లో శబ్దాన్ని పట్టే ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వచ్చి, తగిలిన చోటు షూటర్ పక్కనున్న తెర మీదే కనిపిస్తోంది. అయినా గుంటలో కొన్ని పూటలు పని చేయడం ఏ కొత్త షూటర్‌కైనా లాభమే. ఒకే గాలికి పదిమంది తూటాలు ఎటు జరిగాయో అక్కడ కళ్ళారా కనిపిస్తుంది. బిస్లీ పద్ధతిలో ఒక లక్ష్యానికి ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఆడతారు. మొదట రెండు సరిచూపు తూటాలు. నడివలయానికి 5 మార్కులు, దాని లోపలి చిన్న వలయానికి కూడా 5 మార్కులే గాని పక్కన 'వి' అని రాస్తారు. మార్కులు సమానమైనప్పుడు ఎక్కువ 'వి'లు ఉన్నవారు గెలుస్తారు.

గొట్టానికీ ఆయుష్షు ఉంటుంది. .308 గొట్టం పోటీకి పనికొచ్చే గురి సుమారు 5000 తూటాల దాకా నిలబెట్టుకుంటుంది. మాగ్నమ్ క్యాలిబర్లలో మందు ఎక్కువ కనుక అంతకన్నా చాలా ముందే గాళ్ళు గొంతు దగ్గర కాలిపోతాయి. ఆడిన రోజే గొట్టాన్ని వెనుక వైపు నుంచి, కడ్డీ పక్కలకు రాసుకోకుండా చూసే గైడు పెట్టి, శుభ్రం చేయాలి. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చితే అంచు అరిగి గురి పాడవుతుంది. పాత రైఫిల్ కొనే షూటర్ అడగవలసిన మొదటి ప్రశ్న దాని వయసు కాదు, ఆ గొట్టం నుంచి ఎన్ని తూటాలు పోయాయన్నది.